తీసేసిన పదకొండు సెకన్లు

హెల్వె వచ్చేసరికి జెల్ ఇంకా మంచులానే ఉంది.
గొట్టాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాను.
ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు.
తార్తులో ఫిబ్రవరి. తొమ్మిదైనా తెల్లవారని ఆకాశం కింద
ఎమయొగి నది, దులపని దుప్పటిలా.

ముప్పై రెండు తీగలు. ఒక్కోదానికీ
పాయ తీసి, చర్మం కాస్త గీకి, ఒక చుక్క.
"నా తల ఇంకొకరు ముట్టుకుని
పద్నాలుగు నెలలైంది" అందామె.
అప్పుడు నేను ఇరవై మూడో తీగ దగ్గరున్నాను.
ఏమనాలో తోచక
ఇరవై నాలుగోది పెట్టాను.

రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు మనిషి.
రై పిండి పులిసిందో లేదో
గుమ్మంలోంచే వాసన పట్టి చెప్పేదట.
ఇప్పుడు వాసనంటూ ఏదీ లేదు.
"ఉందేమో. పిలిస్తే పలకడం లేదు."

కళ్ళు మూసుకోండి, అన్నాను. ఐదు నిమిషాలు.
దేని గురించీ ఆలోచించకండి.
దిగులు మనిషితో అనాల్సిన మాటేనా ఇది?
ఎన్ని వందల మందితో అన్నానో.

తెర మీద గీతలు లేచాయి.
తల వెనక సెకనుకు పది అలలు, బద్ధకంగా.
నుదుటి వెనక ఇంకా నిదానంగా
ఒక సన్నటి కదలిక.
ఈ మాత్ర ఈ మనిషికి పడుతుందో లేదో
మొదటి మాత్ర మింగకముందే అది చెబుతుందేమోనని
మా ఆశ, మా నిధులు, మా నాలుగేళ్ళు.

తలరాత చదివే పని కాదు నాది.
తల రాస్తుంటే
కాగితం కదలకుండా పట్టుకునే పని.

మూడో నిమిషంలో గీతలన్నీ చెదిరిపోయాయి.
దవడ బిగిస్తే అలా వస్తుంది. దగ్గినా వస్తుంది.
గాజు ఇవతలి నుంచి చూశాను:
చెప్పినట్టే కళ్ళు మూసుకునే ఉంది.
కణతల మీదుగా తడి చెవుల్లోకి దిగుతోంది.
పదకొండు సెకన్లు.
ఎర్రగీత గీసి పక్కన రాశాను: మాలిన్యం.
మెదడుది కానిదేదైనా మా లెక్కలో మాలిన్యమే.
తీసెయ్యాలి. నిజంగానే తీసెయ్యాలి.
ఏడుపు అల మెదడు అలకన్నా ఎన్నో రెట్లు పెద్దది,
ఉంచితే మిగతాదంతా మునిగిపోతుంది.

అంకె నేను చూడకూడదు.
రైవో తెర కట్టెయ్యడం మరిచి కాఫీకి వెళ్ళాడు.
ముప్పై ఒకటి.
ఇలాంటి తలలు వందుంటే ముప్పై ఒక్కదానికి గుణం.
ఆ వందలో ఈమె ఎన్నోదో
అంకెకీ తెలియదు.
డాక్టరుకి చెప్పకూడదు, ఆమెకి అసలే చెప్పకూడదు.
జోస్యం నిజమో కాదో తేలాలంటే
దాని నోరు కట్టెయ్యాలి. నా నోరు కూడా.

మాత్ర తెల్లగా, కందిగింజంత.
రెండో వారం వాంతులు.
నాలుగో వారం కొంచెం నిద్ర.
ఆరో వారం ఫోన్ చేసి, ఇంకా మింగాలా, అంది.
మింగాలి, అన్నాను
ముప్పై ఒకటి నాలుక మీద పెట్టుకుని.

ఎనిమిదో వారానికి నది మంచు పగిలింది.
మళ్ళీ పాయలు, మళ్ళీ చుక్కలు.
మధ్యలో ఎక్కడో ఆమె ముక్కు ఎగబీల్చింది:
"దీనికి వాసనుందే! పులిసీ పులియని పిండి."
నాలుగేళ్ళుగా పూస్తున్నాను, నాకెప్పుడూ రాలేదు.
వాసన చూశాను. రాలేదు.
నా మొహం చూసి నవ్వింది.
ఆ నవ్వు రికార్డులో పడలేదు,
యంత్రం ఇంకా ఆన్ చెయ్యలేదు.

ప్రశ్నపత్రంలో ఇరవై రెండు పదిహేడయింది.
సగానికి తగ్గితేనే గుణమని రాసుకున్నాం.
మందు పనిచేయలేదు. అంకె గెలిచింది.
రైవో పట్టికలో టిక్కు పెట్టాడు,
ఈల కూడా వేశాడు. తప్పేం లేదు.
ముందే నమ్మి ఉంటే ఎనిమిది వారాలు మిగిలేవి ఆమెకి.
రేపటి నుంచి వేరే మాత్ర.

పిండి వాసన ఎక్కడ రాయాలో
ఆ పట్టికలో గడి లేదు.

జుట్టులో ఎండిన జెల్ ఎవరికి వాళ్ళే కడుక్కుంటారు.
ఆ రోజు నేను కడిగాను.
కుళాయి కింద చెయ్యి పెట్టి
నీళ్ళు వెచ్చబడేదాకా ఆగి.